సద్భావం నుండి స్వీయవిమర్శ దాకా: వికీపీడియా పరిశోధకుడు జోసెఫ్ రీగిల్ కృషి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అంతర్జాలంలో సమష్టిగా రూపొందే విజ్ఞానసర్వస్వాలను గురించి పరిశోధించినవారిలో అమెరికాకు చెందిన జోసెఫ్ రీగిల్ ముఖ్యుడు. 2010లో వెలువడిన ఆయన గ్రంథం 'గుడ్ ఫెయిత్ కొలాబరేషన్' వికీపీడియాను సాంకేతిక వింతగా కాక ఒక సంస్కృతిగా చదివింది. ఆయన కృషిలోని క్రమపరిణామాన్ని పరిశీలించడం, 'సద్భావం' అనే భావనకు ఉన్న బలాన్నీ పరిమితినీ నిర్ణయించడం ఈ వ్యాసం లక్ష్యాలు. తొలి గ్రంథంలోని ప్రతిపాదనను రీగిల్ తానే తర్వాతి రచనల్లో సవరించుకున్నాడనీ, ఆ సవరణే ఆయన పరిశోధన జీవితంలో అత్యంత విలువైన భాగమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు వంటి భాషల విజ్ఞానసర్వస్వాలకు ఆయన చట్రాన్ని అన్వయించేటప్పుడు ఎదురయ్యే చిక్కులను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: వికీపీడియా, విజ్ఞానసర్వస్వం, సద్భావం, తటస్థ దృక్కోణం, ఏకాభిప్రాయం, నవమాధ్యమాలు, పరిశోధన నైతికత.

1. ఉపోద్ఘాతం

తెలుగు శాఖల్లో వికీపీడియాతో మన సంబంధం విచిత్రమైనది. దాన్ని చూడని పరిశోధకుడు లేడు. చూశానని రాసే పరిశోధకుడు అరుదు. విద్యార్థుల వ్యాసాలు దిద్దేటప్పుడు ఈ స్థితి నాకు పలుమార్లు ఎదురైంది. వికీపీడియా పేజీ అడుగున ఉన్న ముద్రిత గ్రంథం పేరూ పుటసంఖ్యా యథాతథంగా విద్యార్థి ఆధారసూచిలోకి వచ్చి చేరతాయి. ఆ గ్రంథాన్ని చూశావా అని అడిగితే మౌనమే సమాధానం. ఇక్కడ తప్పు వికీపీడియాది కాదు. చూసినదాన్ని దాచి, చూడనిదాన్ని చూపే మన అలవాటుది. ఆ అలవాటుకు మూలం, వికీపీడియాను ఎలా చదవాలో మనం బోధించకపోవడం. అది నమ్మదగినదా కాదా అనే ఒక్క ప్రశ్న దగ్గరే మన చర్చ ఆగిపోతోంది.

ఆ ప్రశ్నను పక్కనపెట్టి మరో ప్రశ్న వేసినవాడు జోసెఫ్ రీగిల్. ఒకరినొకరు ఎరుగని మనుషులు, జీతం లేకుండా, ఒకే పుట మీద కలిసి రాయగలగడం ఎలా సాధ్యమైంది? సాధ్యమైనప్పుడు అక్కడ ఏ మర్యాదలు ఏర్పడ్డాయి? ఆ మర్యాదలు ఎవరిని లోపలికి రానిచ్చాయి, ఎవరిని బయటే నిలబెట్టాయి? ఈ మూడు ప్రశ్నల వెంట సాగిన ఆయన కృషిని పరిశీలించడం మన పరిశోధన పద్ధతికి కూడా మేలు చేస్తుంది.

2. ప్రమాణాల రచన నుండి సంస్కృతి అధ్యయనానికి

రీగిల్ మొదట కంప్యూటర్ శాస్త్రం చదివాడు. తర్వాత మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సాంకేతికత, విధానం అనే రెండింటినీ కలిపి చదివి, అక్కడే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియంలో పనిచేశాడు. వెబ్‌సైట్ల గోప్యతా విధానాలను యంత్రాలు చదవగలిగే రూపంలోకి తెచ్చే ప్రమాణం, ఎక్స్ఎమ్ఎల్ పత్రాలకు డిజిటల్ సంతకం చేసే ప్రమాణం వంటివాటి రూపకల్పనలో ఆయన పాత్ర ఉంది. ఈ రెండో ప్రమాణం 2002లో అధికారికంగా వెలువడింది. దాని సంపాదకుల్లో ఆయన ఒకడు.

ఈ నేపథ్యం జీవిత విశేషంగా మాత్రమే చెప్పుకోదగినది కాదు. సాంకేతిక ప్రమాణాలను రాసే సంఘాల్లో నిర్ణయాలు సాధారణంగా ఓట్ల లెక్కతో కాక, అభ్యంతరాలు తీరేదాకా సాగే చర్చతో తేలతాయి. పోటీ సంస్థల ప్రతినిధులు ఒకే పత్రంలోని ఒక్కొక్క వాక్యం గురించి వాదించుకుంటారు. పోటీదారులే సహరచయితలు. ఈ అనుభవంతో వికీపీడియా చర్చాపుటలను చూసినవాడికి అక్కడి వాదాలు అరాచకంగా కనిపించవు. తెలిసిన పనిగా కనిపిస్తాయి. ఏకాభిప్రాయాన్ని చర్చించిన అధ్యాయంలో రీగిల్ ప్రమాణాల సంఘాలనూ, ఓటు లేకుండా నిర్ణయాలు తీసుకునే క్వేకర్ సమాజాలనూ పోలికగా తీసుకోవడం యాదృచ్ఛికం కాదు.

తర్వాత ఆయన న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మాధ్యమాలు, సంస్కృతి, సంజ్ఞాపన శాఖలో చేరి, వికీపీడియా సహరచన మీద చేసిన పరిశోధనకు 2008లో డాక్టరేట్ పొందాడు. ఆ సిద్ధాంతగ్రంథమే 2010లో ఎమ్ఐటి ప్రెస్ ప్రచురణగా 'గుడ్ ఫెయిత్ కొలాబరేషన్: ది కల్చర్ ఆఫ్ వికీపీడియా' పేరుతో వెలువడింది. 2011లో దాని అంతర్జాల ప్రతిని క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో అందరికీ అందుబాటులో ఉంచారు. స్వేచ్ఛగా పంచుకునే జ్ఞానాన్ని గురించి రాసిన పుస్తకం తానూ ఆ నియమాన్ని పాటించింది. ఆయన బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు.

3. 'గుడ్ ఫెయిత్ కొలాబరేషన్' – ప్రధాన ప్రతిపాదన

ఈ గ్రంథంలోని వాదానికి రెండు కాళ్లు. మొదటిది చారిత్రకం. 1895లో బెల్జియంలో పాల్ ఓట్లే, ఆన్రీ లా ఫోంతేన్‌లు ప్రపంచ గ్రంథాలన్నింటినీ సూచికార్డుల్లోకి ఎక్కించే పని మొదలుపెట్టారు. 1938లో హెచ్.జి. వెల్స్ 'వరల్డ్ బ్రెయిన్' గ్రంథంలో మైక్రోఫిల్మ్ సాయంతో సర్వమానవాళికీ ఒకే విజ్ఞానసర్వస్వాన్ని ఊహించాడు. ఈ సార్వత్రిక విజ్ఞానసర్వస్వపు కలను రీగిల్ వికీపీడియాకు పూర్వరంగంగా చూపిస్తాడు. ప్రతి తరమూ తనకు దొరికిన కొత్త సాధనంలో ఈ పాత కలను చూసుకుంది. జ్ఞానం అందరికీ అందితే దేశాల మధ్య సామరస్యం పెరుగుతుందనే ఆశ కూడా ఆ కలలో భాగమే. అయితే ఓట్లే, వెల్స్‌ల ఊహల్లో రచన నిపుణులది; ప్రజలు చదువరులు. 2000లో మొదలైన న్యూపీడియా కూడా నిపుణుల సమీక్షను నమ్ముకుంది. పలు అంచెల సమీక్ష కారణంగా అందులో పూర్తయిన వ్యాసాలు బహుస్వల్పం. దానికి తోడుగా 2001 జనవరి 15న మొదలైన వికీపీడియా ఆ గీతను చెరిపేసింది.

రెండో కాలు సాంస్కృతికం. గీత చెరిగాక పుట మీద అందరూ రాయగలరు. అందరూ కలహించగలరు కూడా. ఈ కలహాన్ని రచనగా మార్చే రెండు మర్యాదలను రీగిల్ గుర్తిస్తాడు. ఒకటి తటస్థ దృక్కోణం. ఇది విషయం పట్ల పాటించవలసిన వైఖరి. భిన్నాభిప్రాయాలున్నచోట ఒకదాన్ని సత్యంగా ప్రకటించక, ఎవరు ఏమన్నారో ఆధారసహితంగా చెప్పడం. రెండోది సద్భావం. ఇది తోటి మనిషి పట్ల పాటించవలసిన వైఖరి. ఎదుటివాడు చేసిన మార్పు తప్పుగా కనిపించినా, అతడి ఉద్దేశం మంచిదేనని అనుకుని మాట్లాడటం. చిత్రఖండాలను పేర్చే ఆటతో ఆయన దీన్ని పోలుస్తాడు: చెల్లాచెదురైన జ్ఞానఖండాలు ఒకదానికొకటి అతికే వీలును తటస్థత కల్పిస్తే, వాటిని పేర్చే చేతులు కొట్టుకోకుండా సద్భావం చూస్తుంది.

ఈ జంట సూత్రీకరణ సరళంగా కనిపిస్తుంది గాని, దాని వెనుక పరిశ్రమ పెద్దది. రీగిల్ తన పద్ధతిని చరిత్ర ఎరిగిన ఎథ్నోగ్రఫీగా పేర్కొన్నాడు. విధానపుటల పాత కూర్పులు, చర్చాపుటలు, సమూహ ఉత్తరప్రత్యుత్తరాలు, సభ్యుల సమావేశాలు ఆయన క్షేత్రం. నాయకత్వం గురించిన అధ్యాయంలో, ఎవరి ఆజ్ఞనూ పాటించనవసరం లేని చోట అధికారం రాసినవాడికి ఉన్న గౌరవం నుంచి ఎలా పుడుతుందో చూపిస్తాడు. 'విజ్ఞానసర్వస్వ ఆందోళన'ను గురించిన అధ్యాయంలో మరో ఉపయోగకరమైన వాదం ఉంది. వికీపీడియా మీద వచ్చిన దాడులు కొత్తవి కావు. 1961లో వెబ్‌స్టర్ మూడో అంతర్జాతీయ నిఘంటువు వెలువడినప్పుడు కూడా భాష భ్రష్టమైపోతోందన్న గగ్గోలు లేచింది. ఆకరగ్రంథాల మీద జరిగే వాదం పైకి వాటి గుణదోషాల గురించే అయినా, లోలోపల మారుతున్న సమాజం గురించిన భయం. వ్యావహారిక భాషావాద చరిత్ర చదివిన మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

4. స్వేచ్ఛ ఎవరికి? – ప్రతిపాదన సవరణ

ఈ గ్రంథానికి ఒక మౌలికమైన చిక్కు ఉంది. అందులోని సాక్ష్యం, నిలిచి మాట్లాడినవారి మాటల నుంచి వచ్చింది. నొచ్చుకుని నిశ్శబ్దంగా వెళ్లిపోయినవారు చర్చాపుటలో ఏమీ రాసిపోరు. అందువల్ల చర్చాపుటలను మాత్రమే చదివే పరిశోధకుడికి సద్భావం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. ఓపిక, తీరిక, వాదించే అలవాటు ఉన్నవాడికి సద్భావం సులభమైన మర్యాద. అవి లేనివారికి అదే మర్యాద భారం కావచ్చు. ఎదుటివాడి కటువుతనాన్ని పదేపదే మంచి ఉద్దేశంగా అర్థం చేసుకోవలసిన బాధ్యత ఎప్పుడూ ఒకరి మీదే పడితే, దాన్ని సద్భావం అనగలమా?

ఈ ప్రశ్న గ్రంథంలోనే బీజరూపంలో ఉంది. బహిరంగత గురించిన అధ్యాయంలో, స్త్రీలకు మాత్రమే ప్రవేశమున్న వికీచిక్స్ అనే చర్చావేదిక ప్రస్తావన వస్తుంది. అందరికీ తెరిచి ఉండాలన్న సమూహంలో కొందరికే పరిమితమైన వేదిక ఉండవచ్చునా అన్నది అక్కడి సమస్య. 2010 నాటి చర్చలో అది ప్రధానంగా బహిరంగతకు ఎదురైన ఒక చిక్కుముడి. అటువంటి వేదిక ఎందుకు అవసరమైందన్న ప్రశ్నకు అక్కడ దక్కింది రెండో స్థానమే.

తర్వాతి మూడేళ్లలో రీగిల్ ఈ క్రమాన్ని తిరగవేశాడు. 2011లో లారెన్ ర్యూతో కలిసి ఆయన ఆంగ్ల వికీపీడియానూ, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికానూ జీవితచరిత్రల విషయంలో పోల్చాడు. ప్రసిద్ధ వ్యక్తుల పట్టికలను తీసుకుని, ఎవరి గురించి వ్యాసం ఉంది, ఎవరి గురించి లేదు అని పరిశీలించారు. ఫలితం సూటిగా ఒక పక్షాన నిలిచేది కాదు. మొత్తం మీద వికీపీడియాలోనే స్త్రీల జీవితచరిత్రలు ఎక్కువ; వ్యాసాల విస్తృతి కూడా ఎక్కువే. కాని లేని వ్యాసాలను లెక్కించినప్పుడు, బ్రిటానికాతో పోలిస్తే వికీపీడియాలో లేనివారిలో స్త్రీల పాలు ఎక్కువగా తేలింది. నిపుణులు ఎంచి రాసిన చోట ఎంపిక తక్కువైనా కొంత సమతూకం ఉంది. ఎవరైనా రాయగలిగిన చోట రాసేవారి ఆసక్తులే ఎంపికను నిర్ణయించాయి. వికీపీడియా రచయితల్లో స్త్రీలు 13 శాతం లోపేనని అంతకుముందటి సర్వే ఒకటి చెప్పిన నేపథ్యంలో ఈ ఫలితానికి ప్రాధాన్యం ఉంది.

2013లో ఫస్ట్ మండే పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ఆయన ఇంకా ముందుకు వెళ్లాడు. స్వేచ్ఛ, బహిరంగత అనే ఆదర్శాలే లింగ అసమానతను కప్పిపుచ్చే సాధనాలుగా మారగలవన్నది దాని సారాంశం. తలుపు తెరిచే ఉంది గనుక, రానివారు తమ ఇష్టప్రకారమే రాలేదని వాదించడం సులభం. ఎవరినీ వెళ్లగొట్టని నియమం వల్ల ఇతరులను వేధించేవాడు కూడా నిలుస్తాడు. వేధింపు భరించలేనివారు మాత్రం వెళ్లిపోతారు. తాను మూడేళ్ల క్రితం ఒక సంస్కృతికి ఆధారంగా చూపిన బహిరంగతనే ఇక్కడ ఆయన నిలదీశాడు. తన పేరు నిలిపిన భావననే ఇలా ప్రశ్నకు గురిచేసే పరిశోధకులు ఎక్కడైనా తక్కువే. సిద్ధాంతగ్రంథంలోని నిర్ణయాన్ని జీవితాంతం కాపాడుకోవలసిన ఆస్తిగా భావించే మన విద్యావాతావరణంలో దీన్ని ప్రత్యేకంగా గమనించాలి.

2015లో వచ్చిన 'రీడింగ్ ది కామెంట్స్' అంతర్జాల వ్యాఖ్యల్లోని మెప్పునూ, ద్వేషాన్నీ, మోసాన్నీ పరిశీలించింది. 2020లో జాకీ కోర్నర్‌తో కలిసి సంపాదకత్వం వహించిన 'వికీపీడియా @ 20' గ్రంథం ఉపశీర్షికలోనే వికీపీడియాను అసంపూర్ణ విప్లవంగా పేర్కొంది. పరిశోధకులు, గ్రంథాలయ నిపుణులు, సమూహ సభ్యులు ఎందరో అందులో రాశారు. 'సద్భావం' నుండి 'అసంపూర్ణం' దాకా సాగిన ఈ పదయాత్రలో ఆశాభంగం కన్నా బాధ్యత ఎక్కువగా కనిపిస్తుంది. అదే గ్రంథంలోని తన వ్యాసంలో వికీపీడియా అంతాన్ని గురించి పదేపదే వెలువడి విఫలమైన జోస్యాలను ఆయన సమీక్షించడం అందుకు నిదర్శనం.

5. ఆకరాల సేకరణ, పరిశోధన నైతికత

రీగిల్ కృషిలో అంతగా చర్చకు రాని రెండు పనులు తెలుగు పరిశోధకులకు ప్రత్యేకంగా ఉపకరిస్తాయి. మొదటిది పాఠపరిష్కరణ వంటిది. వికీపీడియా తొలినాళ్ల సాఫ్ట్‌వేర్ పుటల పాత కూర్పులను శాశ్వతంగా నిలుపుకోలేదు. దాంతో ఆరంభదశ చరిత్రలో చాలా భాగం పోయిందనే భావన ఉండేది. 2010 డిసెంబరులో టిమ్ స్టార్లింగ్‌కు ఒక పాత భద్రప్రతి దొరికింది. దాని ఆధారంగా రీగిల్ మొదటి పదివేల మార్పులను చదవడానికి వీలైన రూపంలో పునర్నిర్మించి ప్రచురించాడు. తాళపత్ర ప్రతుల నుంచి పాఠాన్ని నిలబెట్టే పరిష్కర్త చేసే పనికీ దీనికీ స్వభావంలో తేడా లేదు. డిజిటల్ పాఠం తనంత తానే నిలుస్తుందన్న నమ్మకం ఎంత బలహీనమో ఈ ఉదంతం చెబుతుంది.

రెండోది నైతికతకు సంబంధించినది. అంతర్జాల సమూహాల్లో సామాన్యులు రాసుకున్న మాటలను ఉదాహరించేటప్పుడు పరిశోధకులు పేర్లు తీసేసి, మాటలు కొద్దిగా మార్చి, మూలాన్ని దాచామని తృప్తిపడతారు. అలా దాచిన మూలాలను వెదికి పట్టుకోవడం సాధ్యమేనా అని రీగిల్ రెడిట్ ఆధారిత పరిశోధనల విషయంలో పరీక్షించాడు. 2022లో ప్రచురించిన ఆ పరిశీలన ప్రకారం, దాచామనుకున్న మూలాల్లో పలు సందర్భాల్లో అసలు పాఠం దొరికిపోయింది. ఫేస్‌బుక్ కవిత్వం మీద, సామాజిక మాధ్యమాల భాష మీద మన విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంతగ్రంథాలు వస్తున్న ఈ కాలంలో ఈ హెచ్చరిక మనది కూడా. బహిరంగంగా ఉన్నంత మాత్రాన ఆ మాట మన ఉదాహరణ కోసం రాసినది కాదు.

6. చిన్న సమూహాల దృష్టితో చూసినప్పుడు

రీగిల్ గ్రంథానికి క్షేత్రం ఆంగ్ల వికీపీడియా. ఆ హద్దును గుర్తుంచుకోకుండా ఆయన సూత్రాలను ఇతర భాషలకు అన్వయించలేం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. తటస్థ దృక్కోణం, ఆధారాల నియమం వంటివి దానికీ వర్తిస్తాయి. రచ్చబండ పేరుతో సమూహ చర్చావేదిక, ప్రతి వ్యాసానికీ చర్చాపుట అక్కడా ఉన్నాయి. కాని పరిస్థితి మౌలికంగా వేరు.

మొదటి తేడా, చర్చకు కావలసిన మనుషుల సంఖ్య. తటస్థత విభిన్న దృక్పథాల ఒరిపిడి నుంచి రావాలి. క్రియాశీల రచయితలు కొద్దిమందే ఉన్నచోట అనేక వ్యాసాలు ఒక్కరి చేతిమీదుగానే నడుస్తాయి. వాదించేవారు లేనప్పుడు కనిపించే ప్రశాంతత ఏకాభిప్రాయం కాదు. రీగిల్ చట్రం కలహాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడినంతగా మౌనాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడదు.

రెండో తేడా, రచన ఎక్కడ నుంచి వస్తుందన్నది. 2009-2011 మధ్య గూగుల్ అనువాద పరికరం సాయంతో ఆంగ్ల వ్యాసాలను కొన్ని భారతీయ భాషల వికీపీడియాల్లోకి చేర్చిన ప్రయత్నంలో తెలుగు కూడా ఉంది. అలా వచ్చిన వ్యాసాల భాష కృతకంగా ఉందన్న విమర్శ సమూహంలో వచ్చింది. ఇక్కడ సమస్య దురుద్దేశం కాదు. రాసినవారు చర్చలో పాలుపంచుకోకపోతే, వారి పట్ల సద్భావం ఉంచినా ఆ వ్యాసం బాగుపడదు. సద్భావానికి ముందు సన్నిధి కావాలి. ఎదుట మనిషే లేనిచోట మర్యాద ఎవరితో పాటించాలి? యంత్రానువాదం, యంత్రరచన మరింత సులభమైన నేటి స్థితిలో ఈ ప్రశ్న ఇంకా పదునెక్కింది.

మూడో తేడా ఆధారాల గురించినది. ముద్రిత ఆధారం ఉంటేనే విషయం నిలుస్తుందన్న నియమం, ముద్రణ విస్తారంగా ఉన్న భాషకు సహజం. ఒక ఊరి జాతర, ఒక వృత్తికులం పనిముట్ల పేర్లు, ఒక కథాగాన సంప్రదాయం ముద్రణకు ఎక్కకపోతే ఆ నియమం ముందు లేనట్టే. 2011లో అచల్ ప్రభల మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాకు చెందిన ఉత్తర సోతో భాషల్లో మౌఖిక సాక్ష్యాలను రికార్డు చేసి ఆధారాలుగా ఉపయోగించే ప్రయోగం చేశాడు. 'పీపుల్ ఆర్ నాలెడ్జ్' పేరుతో దాన్ని చిత్రంగా కూడా నమోదు చేశాడు. ఆ ప్రయోగం వివాదానికి గురైంది. కాని అది లేవనెత్తిన ప్రశ్న తీరలేదు. తటస్థ దృక్కోణం ఖండాలను అతికే వీలు కల్పిస్తుందన్న రీగిల్ పోలికనే తీసుకుంటే, కొన్ని ఖండాలు అసలు పెట్టెలోనే లేవన్నది మన సమస్య.

కొమర్రాజు లక్ష్మణరావు 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' మూడు సంపుటాలు వెలువరించి, పని ముగియకుండానే 1923లో కన్నుమూశారు. ఒక మనిషి ఆయుర్దాయం మీద ఆధారపడిన ఆ మహాప్రయత్నాన్ని తలచుకుంటే, సమష్టి రచన మనకు ఎందుకు అవసరమో బోధపడుతుంది. తక్కువమంది మీదే భారం పడితే సమష్టి రచన కూడా తిరిగి వ్యక్తుల ఆయుర్దాయం మీదే ఆధారపడుతుందన్నది కూడా అంతే బోధపడాలి.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. రీగిల్ వికీపీడియాను నమ్మదగినదా కాదా అన్న ప్రశ్న నుంచి తప్పించి, సహరచన సంస్కృతిగా అధ్యయనం చేశాడు. విషయం పట్ల తటస్థత, మనిషి పట్ల సద్భావం అనే జంట సూత్రం ఆయన ప్రధాన ప్రతిపాదన.

2. ప్రమాణాల సంఘాల్లో ఆయన పొందిన అనుభవం ఏకాభిప్రాయ ప్రక్రియ మీద ఆయన దృష్టిని రూపుదిద్దింది.

3. నిలిచి మాట్లాడినవారి సాక్ష్యం మీదే ఆధారపడటం తొలి గ్రంథానికి పరిమితి. 2011, 2013 నాటి రచనల్లో ఆయన లేనివారిని లెక్కలోకి తీసుకుని తన ప్రతిపాదనను తానే సవరించాడు.

4. పాఠభద్రత, మూలగోపనల మీద ఆయన చేసిన పని సామాజిక మాధ్యమాలను ఆకరాలుగా తీసుకునే తెలుగు పరిశోధకులకు అనుసరణీయం.

5. రచయితలు తక్కువగా, మౌఖిక సంపద ఎక్కువగా ఉన్న భాషలకు ఆయన చట్రం యథాతథంగా చాలదు. మౌనాన్నీ, ముద్రణకు ఎక్కని జ్ఞానాన్నీ అర్థం చేసుకునే పద్ధతిని ఆయా భాషల పరిశోధకులే రూపొందించుకోవాలి.

ఆ పని తెలుగు శాఖల నుంచి మొదలుకావచ్చు. పారిభాషిక పదాల కల్పన, వర్ణక్రమ వివాదాలు, మాండలిక రూపాల అంగీకారం, తిరస్కారం – వీటన్నింటికీ తెలుగు వికీపీడియా చర్చాపుటలు తేదీలతో సహా నమోదైన ఆకరాలు. ఆధునిక తెలుగు వచనం మీద పనిచేసేవారికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అరుదు. విద్యార్థికి వ్యాసపుటతో పాటు దాని చరిత్రనూ చర్చనూ చదవడం నేర్పితే, చూసినదాన్ని దాచవలసిన అవసరం అతడికి ఉండదు. చూశానని ధైర్యంగా రాస్తాడు, చూసినదాన్ని ప్రశ్నిస్తాడు, అవసరమైతే సరిదిద్దుతాడు.